తిరిగి వచ్చు కృతజ్ఞత

పాఠ్యభాగము: లూకా 17:7–19
ఇంకను చదువవలసినవి: లూకా 7:36–50, రోమా 16:1–23

ఆరాధన ముగిసిన తరువాత ఒకరికొకరు చేతులు జోడించి "వందనాలండీ" అనుకొనుట మన సంఘములలో వాడుక. తెలుగు క్రైస్తవుడు భిలాయిలో ఉన్నను, ఖరగ్‌పూరులో ఉన్నను, ముంబయిలోనో బెంగళూరులోనో స్థిరపడినను ఈ ఒక్క మాటను బట్టి తనవారిని గుర్తుపట్టగలడు. ఈ మాటతోనే పలుకరించుకొందుము. ఈ మాటతోనే సెలవు తీసికొందుము. ప్రభువు చేసిన మేలులను తలంచుకొని ప్రార్థించునప్పుడును ఇదే మాట మన నోట వచ్చును. దినమునకు ఇన్నిమారులు వందనము పలుకు జనము కృతజ్ఞతలో అందరికంటె ముందుండవలెను గదా!

అయితే మన నడవడిని కొంచెము గమనించుడి. తెల్లవారుజామున వచ్చి గుడి ఊడ్చి కుర్చీలు సర్దినవానిని ఆరాధన అయిన పిమ్మట పలుకరించువారు అరుదు. పెండ్లి విందులో భుజించి, ఇంటివారితో ఒక మాటయైనను చెప్పకుండ వెళ్లిపోవుట సామాన్యమైపోయినది. పెద్దలు గదిలోనికి వచ్చినను యౌవనస్థులు చేతిలోని ఫోనునుండి కన్నెత్తరు. కోడలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చినప్పుడు పెద్దలును అదే ఫోనును చూచుచు గ్లాసు అందుకొందురు. ఎండలో బరువు మోసికొని గుమ్మమువరకు వచ్చిన కుఱ్ఱవాని ముఖమైనను చూడక తలుపు మూసికొందుము. "ఈ కాలపు పిల్లలకు మర్యాద తెలియదు" అని నిట్టూర్చుట సులభము. అయితే ఈ పాఠము ఇతరులను గూర్చి నిట్టూర్చుటకు కాక, మనలను మనము పరీక్షించుకొనుటకు ఉద్దేశింపబడినది.

1. మాటలలో దాగియున్న అర్థము

"కృతజ్ఞత" అను మాటను విడదీసి చూడుడి. కృతము అనగా చేయబడినది. జ్ఞ అనగా ఎరిగిన అని అర్థము. తనకు చేయబడిన మేలును ఎరిగినవాడు కృతజ్ఞుడు. దీనికి వ్యతిరేక పదము కృతఘ్నుడు. ఘ్న అనగా చంపునట్టి అని అర్థము. చేయబడిన మేలును చంపినవాడు కృతఘ్నుడు. మేలును చంపుటకు కత్తి అక్కరలేదు. దానిని మరచుట చాలును. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అను మన సామెత చెప్పు మరణము ఇదియే. ఓడవాడు మారలేదు, అతని పేరును మారలేదు. దాటినవాని జ్ఞాపకము మాత్రమే మారినది.

హెబ్రీ భాషలో కృతజ్ఞతార్పణకు "తోదా" అని పేరు. ఇది ఒప్పుకొనుట అను అర్థముగల ధాతువునుండి వచ్చినది. యెహోషువ ఆకానును పిలిచి అతడు చేసినదానిని ఒప్పుకొనుమని చెప్పిన చోటను (యెహోషువ 7:19) ఇదే పదము కనబడుచున్నది. తప్పు ఒప్పుకొనుటకును మేలు ఒప్పుకొనుటకును ఒకే మాట! ఆలోచించినచో ఇది వింత కాదు. "ఈ తప్పు నాది" అనుటకు ఎంత దీనత్వము కావలెనో, "ఈ మేలు నాది కాదు, నీవలన కలిగినది" అనుటకును అంత దీనత్వము కావలెను. గర్విష్ఠునికి ఈ రెండును కష్టమే. మరియు కృతజ్ఞతార్పణలోని మాంసమును ఆ దినముననే తినవలెనని, ఉదయమువరకు మిగుల్చకూడదని ధర్మశాస్త్రము విధించెను (లేవీయకాండము 7:15). ఒక్కడు కూర్చుండి ఒక్క దినములో ముగింపగలిగినది కాదు గనుక నలుగురితో పంచుకొనక తప్పదు. కృతజ్ఞత దాచిపెట్టుకొనదగినది కాదని ఇందువలన తెలియుచున్నది.

గ్రీకు భాషలో "ఖారిస్" అనగా కృప. పౌలు దేవునికి స్తుతి చెల్లించునప్పుడు (2 కొరింథీయులకు 9:15) అదే మాటను కృతజ్ఞత అను అర్థమున వాడెను. పైనుండి దిగివచ్చునప్పుడు అది కృప. పొందినవాని హృదయమునుండి తిరిగి పైకి వెళ్లునప్పుడు అది కృతజ్ఞత. ప్రభువు బల్లకు ప్రాచీన సంఘము పెట్టిన "యూఖారిస్తియా" అను పేరులోను ఈ ఖారిస్ ఉన్నది.

మన తెలుగులో మరియొక విశేషము కలదు. మేలు మరచినవానిని గూర్చి పల్లెలలో "వాడికి తిన్న ఇంటి విశ్వాసం లేదు" అందురు. యజమానుని విడువని కుక్కను చూచి "ఎంత విశ్వాసం!" అందురు. బైబిలు తర్జుమాలో దేవునియందలి నమ్మికకు వాడిన విశ్వాసము అను మాటకే జనుల నోట కృతజ్ఞత అను అర్థమును ఉన్నది. తర్జుమా పనిలో సంవత్సరములు గడిపిన నాకు, మూలభాషలో లేని ఈ అర్థచ్ఛాయ ఒక వరమని తోచుచున్నది. ఏలయనగా నేటి పాఠ్యభాగములో విశ్వాసము, కృతజ్ఞత ఒకే మనుష్యునియందు కలిసికొనుచున్నవి.

"అయితే మనవారు ఇండ్లలో ధన్యవాదములు చెప్పుకొనిన ఆచారము ఎక్కడ?" అని ఎవరైనను అడుగవచ్చును. నిజమే. ఆ మాట సభలలోను ఉత్తరములలోను వినబడును గాని వంటింటిలో వినబడదు. తల్లికి అది చెప్పినచో "మనలో మనకు అవేమిట్రా?" అనును. మనవారి కృతజ్ఞత నోటికంటె చేతులలోను కాళ్లలోను ఎక్కువగా ఉండెను. పొరుగింటినుండి కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపరు. ఏమియు లేనిచో చిటికెడు పంచదారయైనను వేసి పంపుదురు. "పోతాను" అనక "వెళ్లి వస్తాను" అందురు. గడప దాటి వచ్చినవానికి ముందు కాళ్లకు నీళ్లు, తరువాత త్రాగుటకు నీళ్లు, ఆ పిమ్మటనే వచ్చిన పని. నేడు "థాంక్స్" అను మాట మన నోటికి వచ్చినది, మంచిదే. అయితే మాట వచ్చునప్పటికి గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లుచున్నది. మన నష్టము ఇక్కడ ఉన్నది.

2. సరిహద్దున జరిగిన సంగతి

ప్రభువు యెరూషలేమునకు ప్రయాణమై సమరయ గలిలయల మధ్యగా వెళ్లుచుండెనని లూకా వ్రాయుచున్నాడు. అది రెండు ప్రాంతముల సరిహద్దు. ఒక గ్రామములో ప్రవేశించుచుండగా పదిమంది కుష్ఠరోగులు ఎదురై దూరముననే నిలిచిరి. లేవీయకాండము 13వ అధ్యాయము ప్రకారము వారు పాళెము వెలుపల ప్రత్యేకముగా నివసింపవలసినవారు. దగ్గరకు రాకూడదు గనుక కేకవేసి కరుణను వేడుకొనిరి. ఆరోగ్యవంతులైన యూదుడును సమరయుడును కలిసి భుజింపరు. అయినను ఈ గుంపులో ఆ భేదము లేదు. సమాజము బయటకు నెట్టిన తరువాత, లోపలి గోడలకు బయట పని లేకపోయెను.

ప్రభువు వారిని ముట్టలేదు, పేరు అడుగలేదు. యాజకులకు కనుపరచుకొనుడని పంపెను. శుద్ధుడైనవానిని పరీక్షించి సమాజములో తిరిగి చేర్చుకొను అధికారము యాజకునిదే (లేవీయకాండము 14). ఇంకను శరీరముమీద మచ్చ ఉండగానే వారు బయలుదేరిరి. వెళ్లుచుండగా శుద్ధులైరి. ఇక్కడ మనము న్యాయముగా మాటలాడవలెను: పదిమందియు ప్రార్థించిరి, పదిమందియు విధేయులైరి, పదిమందియు స్వస్థత పొందిరి.

వారిలో ఒకడు తన శరీరమును చూచుకొని వెనుకకు తిరిగెను. దూరమునుండి కరుణ కొరకు ఎత్తిన స్వరమునే ఇప్పుడు దేవుని మహిమపరచుటకు ఎత్తెను. దూరముగా నిలువవలసినవాడు ప్రభువు పాదములయొద్ద సాగిలపడెను. ఇంతయు చెప్పిన తరువాతనే, వాడు సమరయుడని లూకా తెలుపుచున్నాడు.

ఆ మనుష్యుని గూర్చి ప్రభువు వాడిన మాట "అల్లోగెనేస్", అనగా అన్యజాతివాడు. క్రొత్త నిబంధనయంతటిలో ఈ పదము ఈ ఒక్క చోటనే కలదు. 1871లో యెరూషలేములో ఒక రాతి పలక దొరికెను. దేవాలయములో అన్యులు దాటకూడని అడ్డుగోడపై ఉండిన హెచ్చరిక అది; దాటినవాడు తన మరణమునకు తానే కారకుడగునని దానిపై గ్రీకులో చెక్కబడియున్నది. అన్యునికి అక్కడ వాడిన పదము ఈ అల్లోగెనేస్ అను పదమే. ఆ రాతియొద్ద ఆగిపోవలసిన పేరుగలవాడు ప్రభువు పాదములవరకు వచ్చెను. ఎవరును వానిని ఆపలేదు.

లూకా వాడిన మూడు క్రియలను గమనించుడి. పదిమంది శుద్ధులైరి. ఒకడు తాను స్వస్థపడితినని చూచెను. చివరకు ప్రభువు, వాని విశ్వాసము వానిని బాగుచేసెనని పలికినప్పుడు వాడిన క్రియ రక్షించుట అను అర్థమును కూడ ఇచ్చునది. తక్కినవారు వరమును పొందిరి. ఇతడు వరమును ఇచ్చినవానిని పొందెను. తిరిగి వచ్చుటవలన ఇతనికి కలిగిన లాభము ఇదే.

3. తక్కినవారు చేసిన తప్పు ఏమి?

వారు దుర్మార్గులని లూకా చెప్పలేదు. వారు చెప్పబడిన పనిమీదనే వెళ్లుచుండిరి. సంవత్సరములుగా చూడని భార్యాబిడ్డలు వారి మనస్సులో మెదలియుండవచ్చును. యాజకునియొద్ద జరుగవలసిన విధులను, ఆ ఎనిమిది దినముల క్రమమును తలపోసికొనియుండవచ్చును. ఇవన్నియు మంచి కారణములే. కృతఘ్నత సాధారణముగా ద్వేషమువలన పుట్టదు, తొందరవలన పుట్టును. "తరువాత చెప్పుదుము" అనుకొందుము. ఆ తరువాత రాదు.

విశ్వాసులమైన మనకు ఇందులో ఒక హెచ్చరిక కలదు. మతవిధిని తప్పక జరిగించుచునే కృతజ్ఞతను విడిచిపెట్టవచ్చును. కూటమునకు ఆలస్యమగుచున్నదని, ఉదయముననే లేచి వంటచేసిన భార్యను ఒక మంచి మాటయైనను అనక బైబిలు చేతపట్టుకొని బయలుదేరువాడు ఆ తొమ్మండుగురి దారిలోనే నడచుచున్నాడు.

అయితే ప్రభువు వారి స్వస్థతను వెనుకకు తీసికొనలేదు. మేలు ఎరుగనివారికిని దేవుడు ఉపకారియైయున్నాడని ఆయనయే బోధించియుండెను (లూకా 6:35). మన కృతజ్ఞత దేవుని మేలునకు మనము చెల్లించు వెల కాదు. వెల అయినచో అది కృప కాదు. ఆయన అడిగిన ప్రశ్నలో కోపముకంటె వెదకులాట ఎక్కువగా ఉన్నది: పదిమందిని లెక్కపెట్టినవాడు ఒక్కడే కనబడగా తక్కినవారి కొరకు చుట్టు చూచెను.

4. యజమానుడు, దాసుడు, అతిథి

ఈ వృత్తాంతమునకు ముందున్న ఉపమానమును (17:7–10) చాలమంది వేరుగా చదువుదురు. పొలమునుండి వచ్చిన దాసుడు యజమానునికి భోజనము సిద్ధపరచును. చెప్పినది చేసినందుకు యజమానుడు వానికి కృతజ్ఞుడగునా? అని ప్రభువు అడిగెను. ఇక్కడను మూలములో ఖారిస్ అను మాటయే ఉన్నది. మొదట ఇది కఠినముగా తోచును. మర్యాద అక్కరలేదని ప్రభువు చెప్పుచున్నాడా?

లూకా ఈ రెండింటిని ప్రక్కప్రక్కనే పెట్టినందున మనకు అర్థము దొరకుచున్నది. మేలు చేయునప్పుడు నీవు ఆ దాసుడవు. కృతజ్ఞత కొరకు కనిపెట్టవద్దు. మేలు పొందునప్పుడు నీవు ఆ సమరయుడవు. కృతజ్ఞత చెల్లింపక సాగిపోవద్దు. మన కాలములో ఈ రెండు పాఠములు తలక్రిందులైనవి. మనము చేసిన మేలును పలకమీద వ్రాసికొందుము, పొందిన మేలును నీటిమీద వ్రాయుదుము. "వారి కొరకు ఎంత చేసితిమి! ఒక్క మాటైనా అన్నారా?" అను ఫిర్యాదు ప్రతి ఇంటిలోను వినబడును. "నాకు ఎంతమంది చేసిరి, నేను ఎవరికి చెప్పితిని?" అను ప్రశ్న అరుదుగా వినబడును.

ఇట్లని మర్యాదలను ప్రభువు గమనింపడని తలంచరాదు. పరిసయ్యుడైన సీమోను ఇంట ఆయన భోజనమునకు కూర్చుండెను. కాళ్లకు నీళ్లు ఇయ్యలేదు, ముద్దు పెట్టుకొనలేదు, తలకు నూనె అంటలేదు (లూకా 7:44–46). ఆయన ఆ మూడింటిని గమనించెను. ఏ ఒక్కదానిని మరువలేదు. అయితే తన గౌరవము కొరకు వాటిని ఎత్తిచూపలేదు. అందరును తృణీకరించిన ఒక స్త్రీ ఆ కొరతనంతటిని కన్నీటితో తీర్చగా, ఆమె పక్షమున మాటలాడుటకే వాటిని ఎత్తెను. ఎక్కువగా క్షమింపబడినదని ఎరిగినది గనుక ఆమె ఎక్కువగా ప్రేమించెను. తనకు ఎవరి ఋణమును లేదనుకొన్న సీమోనుకు కాళ్లకు నీళ్లు ఇయ్యవలెనని తోచలేదు. మర్యాద తగ్గుటకు మూలకారణము ఇక్కడ ఉన్నది. అది పుస్తకములలో నేర్పు నియమముల కొరతకాదు. "నేను పొందినవాడను" అను ఎరుక కొరత.

5. పాత మర్యాదలన్నియు మంచివేనా?

ఒక సంగతి నిజాయితీగా చెప్పుకొనవలెను. "పూర్వము ఎంత మర్యాద ఉండెను!" అని పొగడునప్పుడు, ఆ మర్యాద ఎవరు ఎవరికి చేయవలసియుండెనో అడుగవలెను. సంస్కృతములో మర్యాద అనగా మొదట ఎల్ల, గట్టు. మన పల్లెలలో ఆ గట్టు అనేకులకు గోడయైనది. పెద్దవారి వీధిలో చెప్పులు చేతపట్టుకొని నడచుట, మంచముమీదనుండి లేచి నిలుచుట, హోటలులో వేరుగా పెట్టిన గ్లాసులో టీ త్రాగుట, తండ్రి వయస్సువాడైనను "ఏరా" అని పిలిపించుకొనుట: ఇవన్నియు మర్యాద అను పేరుననే సాగినవి. మన సంఘములలోని అనేకుల తాతముత్తాతలు దీనిని అనుభవించిరి. ఆ మర్యాద తగ్గినందుకు మనము దుఃఖపడనక్కరలేదు. దేవునికి స్తుతి చెల్లింపవలెను.

భయమువలన క్రిందినుండి పైకి మాత్రమే పోవునది మర్యాద కాదు. దానిని ప్రభువు తలక్రిందులు చేసెను. బోధకుడే శిష్యుల పాదములు కడిగెను (యోహాను 13). కాబట్టి క్రైస్తవుని మర్యాదకు పరీక్ష, అతడు బిషపుగారితోనో అధికారితోనో ఎట్లు మాటలాడునన్నది కాదు. వారితో అందరును వినయముగానే మాటలాడుదురు. తెర్తుల్లు అను వకీలు ఫేలిక్సు అధిపతియెదుట కృతజ్ఞతను ఎంత ఘనముగా పలికెనో చదువుడి (అపొస్తలుల కార్యములు 24:2–3). అక్కడను మూలములో యూఖారిస్తియా అను పదమే కలదు! మాట ఒకటే, అయితే అది ముఖస్తుతి. పౌలుపై తీర్పు పొందుటకు వేసిన ఎర. తిరిగి మనకు ఏమియు చేయలేనివానికి చెప్పు కృతజ్ఞతలో మాత్రమే ఎర ఉండదు. ఇంటిలో పనిచేయు స్త్రీని, ఆటో నడుపువానిని, కాలువ శుభ్రపరచువానిని "మీరు" అని పిలుచుచున్నామా? వారు మనకంటె పెద్దవారైనను "నువ్వు" అని పిలుచుట మన పిల్లలు ఎవరియొద్ద నేర్చుకొనిరి?

6. చప్పట్ల తరువాత

2020 మార్చి 22వ తేదీ ఆదివారము. కోవిడు వ్యాధి దేశములో ప్రబలుచుండగా, సాయంకాలము 5 గంటలకు దేశమంతట జనులు గుమ్మములలోను మిద్దెలపైనను నిలిచి, వైద్యులకు, నర్సులకు, పారిశుద్ధ్య కార్మికులకు చప్పట్లతో, పళ్లెముల మ్రోతతో కృతజ్ఞత తెలిపిరి. ఆ ధ్వని విన్న మనలో అనేకుల కన్నులు చెమ్మగిల్లెను. అయితే ఆ దినములలోనే, ఆ వైద్యులను నర్సులను కొందరు ఇంటి యజమానులు అద్దె ఇండ్లు ఖాళీ చేయుమని ఒత్తిడి చేసిన వార్తలు పత్రికలలో వచ్చినవి. కొన్ని చోట్ల వారిపై దాడులును జరిగెను. ఒక నెల గడచునప్పటికి, ఏప్రిల్ 22వ తేదీన, 1897 నాటి అంటువ్యాధుల చట్టమును సవరించి, వైద్యసిబ్బందిపై దాడిచేసినవారిని శిక్షించుటకు కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను.

చప్పట్లు అబద్ధమని నేను చెప్పను. చప్పట్లు కొట్టినవారందరు ఇండ్లు ఖాళీ చేయించినవారు కారు. అయినను చప్పట్లు సులభము, దూరమునుండి కొట్టవచ్చును. నర్సును అద్దె ఇంటిలో ఉండనిచ్చుట, పారిశుద్ధ్య కార్మికునికి మన గ్లాసులో నీళ్లు ఇచ్చుట దగ్గరకు వచ్చి చేయవలసినవి. సమరయుడు దూరమున నిలిచి కరుణను అడిగెను గాని, దూరమున నిలిచి కృతజ్ఞత చెప్పలేదు. ఆయన పాదములవరకు నడిచెను. నేడు జోడించిన చేతుల బొమ్మను ఫోనులో పంపి, పని అయిపోయినదనుకొనువారమందరము ఈ నడకను గూర్చి ఆలోచింపవలెను.

7. పేర్లు వ్రాసిన అపొస్తలుడు

పౌలు వ్రాసిన రోమా పత్రికలో చివరి అధ్యాయము వరకు వచ్చి, "ఇవి వట్టి పేర్లు" అని పుట త్రిప్పువారు ఉన్నారు. ఆ వట్టి పేర్లలో పౌలు హృదయమున్నది. ఇరువదిమందికి పైగా పేరు పేరున అతడు జ్ఞాపకము చేసికొనుచున్నాడు. ఒకతె అనేకులకు సహాయురాలు, ఒకతె ప్రయాసపడినది, మరియొకని తల్లి తనకును తల్లి. కృతజ్ఞత చెల్లించుట అను క్రియను పౌలు దాదాపు ఎల్లప్పుడు దేవుని విషయములోనే వాడును. అయితే ఇక్కడ ప్రిస్కిల్ల అకులలను గూర్చి, తన ప్రాణము కొరకు వారు తమ ప్రాణములకు తెగించినందున తాను వారికి కృతజ్ఞుడనని వ్రాయుటకు ఆ క్రియనే వాడెను (16:4). దేవునికి చెల్లించు కృతజ్ఞత మనుష్యులకు చెల్లింపవలసినదానిని రద్దుచేయదు. "దేవుడు చేసెను, మనుష్యునిదేమున్నది?" అను మాట భక్తిగా వినబడును గాని, అది పౌలు భక్తి కాదు. ఇంతేకాక, పత్రికను చేతితో వ్రాసిన తెర్తియు తన పేరు తానే చెప్పుకొని వందనము పంపుటకును పౌలు చోటు ఇచ్చెను (16:22).

మనము చదువుచున్న తెలుగు లేఖనముల వెనుకను ఇట్టి పేర్లు కలవు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెగ్రాంజ్ అను మిషనరీలు తెలుగు నేర్చి తర్జుమాకు పూనుకొనిరి. క్రీస్తును అంగీకరించిన ఆనందరాయర్ అను బ్రాహ్మణుడు వారికి తోడ్పడెను. 1810లో డెగ్రాంజ్ మరణించెను. అచ్చయిన పుటలను ఆయన చూడలేదు. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో శ్రీరామపురమున ముద్రింపబడినవి. తిరిగి వచ్చిన సమరయుని కథ తెలుగులో అచ్చుపడుటకు ఎవరెవరు శ్రమించిరో ఎరుగక, మనము దానిని చదివి ముగించుచున్నాము.

ఇతరులను గద్దించుచున్న నేను నా తప్పును కూడ ఒప్పుకొనవలెను. ఇది 25 యేండ్ల క్రిందటి మాట. డాక్టరేటు పరిశోధన చేయుచు ఒక గ్రంథాలయములో మూడు సంవత్సరములు కూర్చుంటిని. అక్కడ వృద్ధుడైన ఒక అటెండరు ఉండెడివాడు. అతనికి ఇంగ్లీషు రాదు. అయినను ఏ పుస్తకము ఏ బీరువాలో ఏ వరుసలో ఉన్నదో అతనికి కంఠపాఠము. కరెంటు పోయినప్పుడు నా బల్లను కిటికీ ప్రక్కకు జరిపెడివాడు. మూయువేళ దాటినను, నేను వ్రాయుచుండగా, తాళపుచెవులు చప్పుడు కాకుండ చేతిలో పట్టుకొని గుమ్మమున కూర్చుండెడివాడు.

పరిశోధన గ్రంథము బైండు అయిన తరువాత ఒక ప్రతిని ఆ గ్రంథాలయమునకు ఇచ్చుటకు వెళ్లితిని. అతడు చేతులు తుడుచుకొని దానిని అందుకొని, "బాబుగారూ, మొదట్లో అందరి పేర్లూ వేస్తారంట గదా, ఒకసారి చదవండి" అనెను. నేను చదివితిని. ఆచార్యుల పేర్లు ఉన్నవి, ధనసహాయము చేసినవారి పేర్లు ఉన్నవి, నేను ఒక్కమారు మాత్రమే కలిసికొనిన పెద్దల పేర్లును ఉన్నవి. అతని పేరు లేదు. చదువుచుండగానే నాకు ఆ సంగతి తెలిసెను, నా గొంతు సన్నగిల్లెను. అతడు "బాగుంది బాబూ" అని, పుస్తకమునకు సంఖ్య వేయించి బీరువాలో పెట్టివచ్చెను. ఆ దినమైనను "నన్ను క్షమించు" అని నేను అనలేదు, సిగ్గు అడ్డువచ్చెను. కొన్ని సంవత్సరముల తరువాత ఆ ఊరికి వెళ్లి అడుగగా, అతడు చనిపోయెనని చెప్పిరి. నేను తిరిగి వచ్చితిని గాని, ఆలస్యముగా వచ్చితిని. కృతజ్ఞత అను మాటకు మూడు భాషలలో ధాతువులు ఎరిగినవాడు ఒక వృద్ధునికి ఋణస్థుడై మిగిలిపోయెను.

8. మన ఆచరణ

ప్రియ చదువరులారా, మీరు చెప్పవలసినవారు ఇంకను బ్రదికియున్నచో, ఈ పుస్తకమును ప్రక్కన పెట్టి వెళ్లుడి. పాఠము రేపు ముగింపవచ్చును. మీకు అక్షరములు నేర్పిన ఉపాధ్యాయిని, మొదట సువార్త చెప్పిన బైబిలు స్త్రీ, ఆస్పత్రిలో రాత్రి మేలుకొనిన నర్సు, ఫీజు కట్టుటకు గాజులు అమ్మిన అక్క: వీరిలో ఒకరియొద్దకైనను నడచి వెళ్లుడి. దూరముగానున్నచో చేతివ్రాతతో ఒక ఉత్తరము వ్రాయుడి. "అన్నిటికి వందనములు" అని పొడిగా వ్రాయక, వారు చేసినదేదో దాని పేరు చెప్పి వ్రాయుడి. మేలును ఎరుగుట అనగా దానిని గుర్తుపట్టి చెప్పుట.

పిల్లలకు ఈ గుణము ఉపన్యాసముచేత రాదు. తండ్రి తల్లికి చెప్పగా పిల్లలు విందురు. తల్లి పనిమనిషికి చెప్పగా చూతురు. భోజనమునకు ముందు దేవునికి స్తుతి చెల్లించి, భోజనమైన తరువాత వండినవారికి ఒక మంచి మాట చెప్పు ఇంటిలో, మర్యాదను గూర్చి వేరుగా పాఠము అక్కరలేదు. సంఘములలో సంవత్సరమునకు ఒకసారి పంటల పండుగ చేయుదుము, కృతజ్ఞతార్పణ కవరు ఇత్తుము, మంచిది. కవరు వేసి తిరిగి వచ్చునప్పుడు గుడి ఊడ్చినవానియొద్ద ఒక నిమిషము నిలుచుడి.

ధ్యానమునకు ప్రశ్నలు

1. పదిమందియు విధేయులైయుండగా, తిరిగి వచ్చినవానియందు ప్రభువు అధికముగా చూచినదేమి?
2. లూకా 17:7–10, 17:11–19 వచనభాగములను కలిపి చదువుడి. మేలు చేయునప్పుడును, పొందునప్పుడును మన మనస్సు ఎట్లుండవలెను?
3. సీమోను చేయక విడిచిన మూడు మర్యాదలు ఏవి? అవి అతని హృదయమును గూర్చి ఏమి తెలుపుచున్నవి?
4. భయమువలన చేయు మర్యాదకును ప్రేమవలన చేయు మర్యాదకును మీ గ్రామములోనో వీధిలోనో ఉన్న భేదమును చెప్పుడి.
5. రోమా 16వ అధ్యాయమువలె, మీ జీవితములో మీకు తోడ్పడినవారి పేర్లతో ఒక పట్టిక వ్రాయుడి. వారిలో ఈ వారము మీరు ఎవరియొద్దకు వెళ్లుదురు?

ప్రార్థన

మేలు ఎరుగని మాయెడలను మేలు మానని తండ్రీ, మేము పొందినదంతయు పొందినదే అని ఎరుగునట్లు మా కన్నులు తెరువుము. మేము మరచిన పేర్లను మాకు జ్ఞాపకము చేయుము. తిరిగి వెళ్లుటకు సిగ్గుపడు మా కాళ్లకు బలమిమ్ము. ఆలస్యమైపోయిన చోట మమ్మును క్షమించి, ఆ మేలును మరియొకరికి చేయనేర్పుము. సరిహద్దు దాటి మాయొద్దకు వచ్చిన క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.